తాళం పడుతుందన్న డబ్బు

హోము, గియానీ దగ్గర
ఫిబ్రవరి

బసానీకి న్యెలెటీ కోపంతో రాయునది.

మేమిక్కడ క్షేమంగా లేము. నువ్వక్కడ క్షేమంగానే ఉన్నావని టాక్సీ నడిపే హ్లెంగానీ చెప్పాడు. కొత్త బడి, కొత్త కుర్చీ, తలుపు మీద డిప్యూటీ ప్రిన్సిపల్ అని నీ పేరు. బాగుంది. నేను ఫోను చేస్తే మాత్రం 'మీటింగులో ఉన్నా' అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకని రాసి హ్లెంగానీ చేతికిస్తున్నాను. నువ్వు చదివేదాకా బండి కదపొద్దని చెప్పాను. లోపల కూచున్న ప్రయాణికులు నిన్ను తిట్టుకుంటూ ఉంటారు, నా వంతు కొంత వాళ్ళు తీరుస్తారు.

నా పెన్షన్ డబ్బు డిసెంబరు మొదట్లోనే వచ్చింది. స్టాఫ్ రూములో నువ్వే సుద్దముక్క పట్టుకుని లెక్క వేసి చూపించావు, ఏడు లక్షల నలభై వేల ర్యాండ్లని. వచ్చింది అయిదు లక్షల డెబ్భై వేలు. మిగతాది ఎక్కడికి పోయిందని బ్యాంకులో అడిగితే అక్కడి ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అరవై నిండకుండా మొత్తం లాగేసుకుంటే పన్ను పడదామ్మా? టీచరమ్మ గారికి ఆ మాత్రం తెలీదా?" అంది. నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళంతా విన్నారు. వాళ్ళలో సగం మందికి నేను ఎక్కాలు నేర్పాను.

బసానీ, ఆ పన్ను గురించి నువ్వు బోర్డు మీద ఎందుకు రాయలేదు?

అక్టోబరులో ప్రిన్సిపల్ పిలిచిన మీటింగులో లేచి నిలబడింది ఎవరు? 'మార్చి దాటితే ప్రభుత్వం మన పెన్షన్ డబ్బుకి తాళం వేస్తుంది. అరవై వచ్చేదాకా ముట్టుకోనివ్వరు, వచ్చాక కూడా నెలనెలా కోడికి గింజలు విసిరినట్టు విసురుతారు. ఇప్పుడే రాజీనామా చేస్తే మొత్తం చేతికొస్తుంది. అప్పులన్నీ తీర్చేసుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరిపోవచ్చు' అన్నది ఎవరు? నువ్వే కదా. నీ మాట మీద నువ్వూ నేనూ ఒకే రోజున, ఒకే కలంతో రాజీనామాలు రాశాం.

డబ్బు చేతికి రాగానే మొదట నీ నలభై వేలు పంపాను, అమ్మ అంత్యక్రియలకి నువ్విచ్చినవి. తరవాత బ్యాంకు అప్పు, సోఫాల కొట్టు బాకీ, బట్టల కొట్టు బాకీ. చివరికి వడ్డీకిచ్చే మషోనిసా మంగానీది. నాలుగేళ్ళుగా నా బ్యాంకు కార్డు ఆ వడ్డీవాడి జేబులోనే ఉంది, నీకు తెలుసు. జీతం పడ్డ రోజున నాకంటే ముందు వాడు వెళ్ళి డబ్బు తీసేవాడు. మిగిలింది నా చేతిలో పెట్టేవాడు, నా జీతం వాడిస్తున్నట్టు. ఆ కార్డు తిరిగి తెచ్చుకున్న రోజున మాత్రం నిన్ను మనసారా దీవించాను. ఆ దీవెన ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

మిగిలింది మూడు లక్షల పది వేలు. ఇరవై ఏడేళ్ళు సుద్దపొడి పీల్చినందుకు అది. మళ్ళీ చేర్చుకోమని దరఖాస్తు పెడితే ఖాళీలు లేవన్నారు. ఎవరైనా ప్రసవానికి వెళ్తే తాత్కాలికంగా పిలుస్తారట.

నీ డబ్బు ఎప్పుడొస్తుంది? రాజీనామా చేసినదానివి డిప్యూటీ ఎలా అయ్యావు? ఈ రెండింటికీ జవాబు రాయి. మిగతావి నువ్వు రాయకపోయినా పరవాలేదు.

న్యెలెటీ


మలములెలె
మార్చి

న్యెలెటీకి,

నీ ఉత్తరం గేటు దగ్గర నిలబడి చదివాను. హ్లెంగానీ హారన్ కొడుతూనే ఉన్నాడు. పిల్లలు కిటికీల్లోంచి చూశారు. డిప్యూటీ ప్రిన్సిపల్‌ని టాక్సీవాడు నిలబెట్టి చదివించాడని ఇక్కడ స్టాఫ్ రూములో రెండు రోజులు నవ్వుకున్నారు. నీ కోరిక తీరిందా?

రాజీనామా కాగితాలు ఆఫీసులో ఒక బల్ల మీద ఉంటాయి, పదోన్నతి కాగితాలు ఇంకో బల్ల మీద. ఆ రెండు బల్లలకీ మాటల్లేవు. నా రాజీనామా ఇంకా అక్కడే నానుతోంది, పదోన్నతి మాత్రం నడిచొచ్చింది. వద్దని తిప్పి పంపమంటావా? డబ్బు వచ్చినప్పుడు చెప్తాను. నాది ఆలస్యమైనందుకు జాలిపడాల్సింది పోయి నా మీదే విరుచుకుపడుతున్నావు.

పన్ను సంగతి నాకు తెలీదు. నీకూ తెలీదు. ఇద్దరం లెక్కల టీచర్లమే. నేను నీ చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించలేదు. ఆ రోజు మీటింగులో మనం పదహారుమందిమి ఉన్నాం, అందరూ రాజీనామా చెయ్యలేదు. మంగానీ దగ్గర కార్డు పెట్టింది నేనా? మూడు గదుల ఇంట్లో తొమ్మిది మంది కూచునే సోఫాలు కొన్నది నేనా? మీ అమ్మ అంత్యక్రియలకి తెల్ల గుడారం, కుర్చీలకి రిబ్బన్లు, రెండు ఎడ్లు కావాలన్నది నేనా? ఒక ఎద్దు చాలే అంటే మూడు వారాలు నాతో మాట్లాడలేదు నువ్వు. అప్పు చేసి పప్పు కూడు తిన్నది నువ్వు, అరగలేదని నన్నంటావేం?

పోయిందాని కోసం ఏడవకు. ఉన్న మూడు లక్షల పది వేలూ బ్యాంకులో గడువు డిపాజిట్ వేసెయ్యి. బండి కొనకు. పెన్షన్ డబ్బు చేతికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు బండే కొంటారు. ఊళ్ళో ఎవరికీ అప్పివ్వకు. మీ తమ్ముడికి అసలివ్వకు.

బసానీ


హోము
మే

బసానీకి,

మార్చి వచ్చింది, వెళ్ళింది. ఏప్రిల్ కూడా వెళ్ళింది. ఎవరి డబ్బుకీ తాళం పడలేదు. రేడియోలో ఎవరో పెద్దాయన మన భాషలోనే చెప్పాడు, 'అవన్నీ పుకార్లు, ఎవరి పెన్షన్‌నీ ఎవరూ ముట్టుకోరు' అని. అప్పుడు నేను సంకటి కలుపుతున్నాను. గరిటె పొయ్యిలో పడేశాను. కొత్త గరిటె కొనలేదు, రేకు ముక్కతో కలుపుతున్నాను, అది చూసినప్పుడల్లా నువ్వు గుర్తొచ్చేటట్టు.

నీ సలహా అందేసరికే బండి కొన్నాను. అది నీకు చెప్పకూడదనుకున్నాను. ఎలాగూ హ్లెంగానీ చెప్పేస్తాడు. మా వుటోమి, 'అమ్మా, పిల్లల్ని బడికి దింపితే నెలకి ఎనిమిది వేలు, నువ్వు ఇంట్లో కూచుని లెక్కపెట్టుకో' అన్నాడు. కన్నకొడుకు మాట కాదనలేకపోయాను. పాత బండి, తొంభై అయిదు వేలు. ఆరు వారాలు నడిచి ఇంజను పోయింది. ఇప్పుడు పెరట్లో ఉంది, కోళ్ళు దాంట్లో గుడ్లు పెడుతున్నాయి. కాస్త నవ్వుకో.

అప్పివ్వకు అన్నావు. మా తమ్ముడు వచ్చి అప్పు అడగలేదు, ఇంటి కప్పు ఎగిరిపోయిందని పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో కూచున్నాడు. చర్చిలో పాస్టరు గారు 'దేవుడు కొందరికి ఒక్కసారే కుమ్మరిస్తాడు' అని ప్రసంగం చేస్తూ నా వైపే చూశాడు. ఊరందరికీ ఆ డబ్బు మీద హక్కుంది. నాకు తప్ప. టీచరుగా ఉన్నప్పుడు నా దగ్గర ఏమీ లేదని అందరికీ తెలుసు కాబట్టి కొంచెమే అడిగేవాళ్ళు. ఇప్పుడు లేదంటే అబద్ధమంటారు.

మిగిలింది లక్షా నలభై వేలు. ఉద్యోగం లేదు. నాకు యాభై రెండు. అరవైలో వచ్చే వృద్ధాప్య సాయం తప్ప నాకింక ఏమీ రాదు. ఆ వరసలో కూచునే ముసలమ్మలని చూస్తుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, బసానీ. భయంగా ఉంది, అది కూడా రాసేస్తున్నాను.

నీ డబ్బు వచ్చిందా? ఎనిమిది నెలలు ఒక కాగితం ఒక బల్ల మీద ఉంటుందా?

న్యెలెటీ


మలములెలె
జూన్

న్యెలెటీకి,

హ్లెంగానీ టాక్సీ మీద రెండు బస్తాల మొక్కజొన్న పిండి, కూరకి ఒక సంచి ఎండు మోపానీ పురుగులు, నూనె డబ్బా వేశాను. తీసుకో. తిప్పి పంపి ఊరంతా చూసేలా చెయ్యకు.

నా డబ్బు గురించి ఇంక అడగకు. వచ్చినప్పుడు వస్తుంది. పరీక్షల పని నెత్తిమీద ఉంది, రాయడానికి తీరిక లేదు.

జులైలో మా అత్తగారి సమాధి మీద కొత్త రాయి నిలబెట్టి అందరికీ భోజనాలు పెడుతున్నాం. నువ్వు రావాలి. రాకపోతే మా ఆయన రిసిమాటి బాధపడతాడు.

బసానీ


హోము
జులై

బసానీ,

వచ్చాను కదా. నువ్వు రమ్మన్నావు, వచ్చాను. నల్లగౌను ఇస్త్రీ చేసుకుని, రెండు టాక్సీలు మారి వచ్చాను. నువ్వు వంటపాకలో పెద్ద కుండల దగ్గర ఉన్నావు. మగవాళ్ళు గుడారం కింద భోజనాలకి కూచున్నారు. చేతులు కడుక్కోడానికి నీళ్ళ బేసిన్ పట్టుకుని నేనే వాళ్ళ మధ్య తిరుగుతున్నాను, ఇంటి మనిషిలాగా.

మీ ఆయన రెండు గ్లాసులు పుచ్చుకుని ఉన్నాడు. ఎవరో ఆయన్ని, "పెన్షన్ల గోలలో మీ ఇంటావిడ దిగలేదేం?" అని అడిగారు. ఆయన తొడ చరిచి నవ్వాడు. "మా ఆవిడా? దిగింది బాబూ, అందరితో పాటు దిగింది. పక్కనే పరిగెత్తి, సరిగ్గా గీత దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. అదంతా ఉత్త పుకారని ఇన్‌స్పెక్టరు చెవిలో వేశాడు, వెంటనే రాజీనామా వెనక్కి లాగేసుకుంది. అదీ బుర్రంటే. పాపం ఇంకో ఆవిడ నేరుగా వెళ్ళి గోతిలో పడింది" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ ఇంకో ఆవిడ పట్టుకున్న నీళ్ళలోనే చేతులు కడుక్కుంటున్నామని వాళ్ళకి తెలీదు. మీ ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. అప్పుడు ఆయన మొహం చూడాల్సింది నువ్వు.

నేను బేసిన్ కింద పెట్టి వచ్చేశాను. అందుకే వెళ్ళేటప్పుడు నీకు చెప్పలేదు.

దారంతా నా మనసులో ఒకటే. నీకు తెలుసు. నేను సంతకం చేశాక, కాగితం వెనక్కి తీసుకునే వీలు ఇంకా ఉండగానే నీకు తెలుసు. నువ్వు వెనక్కి తీసుకున్న రోజున నేనూ తీసుకునేదాన్ని. ఒక్క మాట చాలు. ఎందుకు చెప్పలేదా అని టాక్సీలో కూచుని ఆలోచిస్తే, గియానీ చేరేలోగా నాకే తట్టింది. నాకు పెన్షన్ రాకపోతే నీ నలభై వేలు నీకు రావు. నన్ను నట్టేట ముంచి నీ నలభై వేలు ఒడ్డుకి చేర్చుకున్నావు. పైగా ఈ తొమ్మిది నెలలూ బల్లలనీ కాగితాలు నానుతున్నాయనీ నాకు కథలు చెప్పావు. పిండి బస్తాలు పంపావు.

సరే. ఇప్పుడు నువ్వు నాకొక పని చెయ్యాలి. ఆఫీసులో కనుక్కున్నాను. బడిలో ప్రిన్సిపల్ పిలిచిన మీటింగులో తప్పుడు మాట విని రాజీనామా చేసినవాళ్ళు మళ్ళీ చేర్చుకోమని అర్జీ పెట్టుకోవచ్చట. తీసుకున్న డబ్బు జీతంలోంచి వాయిదాల మీద తిరిగి కట్టాలి. కడితే నా ఇరవై ఏడేళ్ళూ నాకు తిరిగొస్తాయి. కాకపోతే ఆ మాట చెప్పినవాళ్ళే, అవును చెప్పాను అని రాసి సంతకం చెయ్యాలి. సెప్టెంబరు ఆఖరు వరకే గడువు.

చెప్పింది నువ్వు. రాయి.

న్యెలెటీ


మలములెలె
ఆగస్టు

న్యెలెటీకి,

రాయను.

నా మీద ఉమ్మేయాలనుకుంటున్నావు కదా, ముందు ఇది పూర్తిగా చదువు. మనం రాజీనామాలిచ్చిన తరవాతి శుక్రవారం ఇన్‌స్పెక్టరు నన్ను లోపలికి పిలిచాడు. 'డిప్యూటీ పోస్టుకి నీ పేరు పంపాను, ఈ పిచ్చి పనేమిటి? తాళం లేదు, గీళం లేదు. సాయంత్రంలోగా కాగితం వెనక్కి తీసుకో' అన్నాడు. తీసుకున్నాను. బయటికొచ్చేసరికి నువ్వు మెట్ల మీద కూచుని కొట్టువాళ్ళు పంచిన కాగితంలో ఫ్రిజ్‌ల బొమ్మలు చూస్తున్నావు. 'బసానీ, తలుపులోంచి చల్లటి నీళ్ళు వచ్చేది ఉంది చూడు' అన్నావు. నా నోట్లోదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

నలభై వేల కోసమే. కాదనను. కానీ అవి నావి కావు న్యెలెటీ. మా ఆడవాళ్ళ డిసెంబరు చీటీ డబ్బు. ముప్పై మంది ఏడాది పొడుగునా నాణెం నాణెం కూడబెట్టి, క్రిస్మస్‌కి పిండీ చక్కెరా పిల్లలకి చెప్పులూ కొనుక్కునే డబ్బు. దాచమని నా దగ్గర పెట్టారు. మీ అమ్మ పోయిన రోజున నువ్వు నా కాళ్ళ దగ్గర కూచుని ఏడిస్తే, అందులోంచి తీసిచ్చాను. ఎవరినీ అడగలేదు. డిసెంబరుకి అవి లేకపోతే ఆ ముప్పై మంది నా ఇంటి మీదికొచ్చి పెంకులు లాగేసేవాళ్ళు, వాళ్ళది తప్పు కూడా కాదు. మంగానీకి నీ కార్డు ఉంది, బ్యాంకుకి నీ జీతం ఉంది. నాకేం ఉంది? నీ మాట ఒక్కటే ఉంది. నీ మాట విలువెంతో ఊరందరికీ తెలుసు.

అందుకని మాట్లాడకుండా నీ పక్కన కూచుని ఆ ఫ్రిజ్ బొమ్మలు చూశాను.

ఇప్పుడు రాసి సంతకం చెయ్యమంటున్నావు. చేస్తే నా డిప్యూటీ కుర్చీ పోతుంది. అక్టోబరులో ప్రిన్సిపల్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది, అదీ పోతుంది. నాకూ ఎనిమిదేళ్ళే ఉన్నాయి. ప్రిన్సిపల్ జీతం మీద వచ్చే పెన్షన్ వేరు, మామూలు టీచరు జీతం మీద వచ్చేది వేరు. రిసిమాటికి చక్కెర జబ్బు, ఆయన మందులు నేనే కొనాలి. నీ ముసలితనం కోసం నా ముసలితనం ఇచ్చెయ్యమంటున్నావు. నా స్థానంలో నువ్వుంటే ఇస్తావా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు.

తిట్టుకో. పిండి మాత్రం పంపుతూనే ఉంటాను.

బసానీ


హోము
సెప్టెంబరు

డిప్యూటీ ప్రిన్సిపల్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. మీ ఇబ్బందులు అర్థమయ్యాయి. మీరు పంపిన పిండి బస్తా హ్లెంగానీ చేతే తిప్పి పంపుతున్నాను. తమకి శ్రమ ఇచ్చినందుకు మన్నించగలరు.

మీరు అడిగారు కాబట్టి జవాబు రాస్తున్నాను. మీ స్థానంలో నేనుంటే ఇచ్చేదాన్ని కాదేమో. కానీ ఆ శుక్రవారం మెట్ల మీద చెప్పేదాన్ని. చెప్పి, ఆ ముప్పై మంది కాళ్ళ మీద మీతో పాటు నేనూ పడేదాన్ని. కుదరకపోతే ఆ తొమ్మిది మంది కూచునే సోఫాలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి అమ్మేదాన్ని.

నేనిప్పుడు మన పాత బడి గేటు దగ్గర నూనెలో కాల్చిన పిండి ఉండలు అమ్ముతున్నాను. ఒకటి ఒక ర్యాండు. పిల్లలు 'మేడమ్, రెండు' అంటారు. నా స్థానంలో చేరిన అమ్మాయి కూడా కొనుక్కుంటుంది. చిల్లర తీసుకోకుండా వెళ్ళిపోతుంది, నన్ను చూసి జాలిపడి. ఆ చిల్లర పిల్లల చేత పంపించేస్తున్నాను. లక్ష ర్యాండ్లు ఇంకా బ్యాంకులో ఉన్నాయి. అవి అరవై దాకా రావు. లెక్కల టీచరుని కాబట్టి ఆ లెక్క ఒకసారే వేశాను, మళ్ళీ వెయ్యలేదు.

ఇకపై మీకు ఉత్తరాలు రాయను. మీ ఆరోగ్యం, మీ భర్తగారి ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
న్యెలెటీ


మలములెలె
సెప్టెంబరు ఆఖరు

ఒసే న్యెలెటీ,

రాసిచ్చాను. ఆఖరి తేదీకి ముందు రోజున వెళ్ళి, ఆఫీసులో అధికారి ఎదుటే రాసి సంతకం చేశాను. 'ఫలానా అక్టోబరులో, ప్రిన్సిపల్ పిలిచిన మీటింగులో, పెన్షన్ డబ్బుకి తాళం పడుతుందని నేనే చెప్పాను. అది అబద్ధమని నాకు తరవాత తెలిసింది. తెలిసి కూడా న్యెలెటీకి చెప్పలేదు.' చివరి వాక్యం వాళ్ళు అడగలేదు. నేనే రాశాను.

ఆ అధికారి చదివి కళ్ళజోడు తీశాడు. "ఇది మీరు ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి ఆలోచించుకుంటే మంచిదమ్మా" అన్నాడు.

"ఒక రాత్రి కాదు నాయనా, ఏడాది ఆలోచించాను. తీసుకో" అన్నాను.

"మీ మీద మాకు వచ్చిన ఫిర్యాదేమీ లేదే. ఎందుకు తల దూరుస్తున్నారు?"

"ఎందుకో చెప్తే నీకు రాసుకోడానికి అక్కడ గడి ఉందా?" అన్నాను. లేదన్నాడు. అయితే ముద్ర వెయ్యి అన్నాను.

నీ మీద ప్రేమతో చేశాననుకోకు. నువ్వు నన్ను మీరు తమరు అన్నందుకు నీ పళ్ళు రాలగొట్టాలనుంది. ముప్పై ఏళ్ళలో నన్ను గాడిదా అన్నావు, గయ్యాళీ అన్నావు, పడ్డాను. నేను సంతకం చేసింది మా ఆయన వల్ల. సమాధి రాయి భోజనాల రోజున నీ మొహం చూశాక కూడా ఆయనకి బుద్ధి రాలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ కథే చెప్తున్నాడు, పక్కనే పరిగెత్తి గీత దగ్గర ఆగిపోయిందని. వాళ్ళంతా నన్ను మెచ్చుకుంటున్నారు. 'మీలాంటి తెలివైన ఆడది ఇంట్లో ఉండాలండీ' అని పాస్టరు గారు కూడా అన్నారు. తిట్టినవాళ్ళ నోరు నేను మూయించగలను న్యెలెటీ. మెచ్చుకుంటుంటే ఏం చెయ్యాలో తెలీలేదు. పోయిన ఆదివారం ఒకడు ఆ కథ విని, 'మా అమ్మాయికి కూడా ఇలాంటి తెలివి నేర్పండి' అని తన కూతుర్ని నా ముందుకి తోశాడు. నేను లేచి కప్పులో టీ మా ఆయన ఒళ్ళో పారబోశాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను.

రిసిమాటి నాతో మాట్లాడడం లేదు. మందులు మాత్రం నేను కొన్నవే వేసుకుంటున్నాడు.

నువ్వు తిప్పి పంపిన పిండి మళ్ళీ పంపుతున్నాను. ఈసారి తిప్పితే నేనే వస్తాను.

బసానీ


హోము
నవంబరు

బసానీ,

జవాబు వచ్చింది. నీకూ వచ్చిందని హ్లెంగానీ చెప్పాడు, నీ కుర్చీ పోయిందనీ, మళ్ళీ మూడో తరగతి పిల్లలకి కూడికలు చెప్తున్నావనీ. నాకు వచ్చింది నీకు తెలీదు, అందుకని రాస్తున్నాను.

'బసానీ గారి వాంగ్మూలం నిజమని నిర్ధారించుకున్నాం. బడి మీటింగులో అబద్ధపు సమాచారం చెప్పినందుకు ఆమె మీద చర్య తీసుకున్నాం. అయితే ఆ మీటింగులో పెన్షన్ గురించి చర్చించాలని ముందుగా రాసి లేదు కాబట్టి, ఆ మాటలు అధికారికంగా చెప్పినవి కావు. కనుక అర్జీదారు రాజీనామా చెల్లుతుంది.'

నేను రెండుసార్లు చదివాను. నిన్ను శిక్షించడానికి అది అధికారిక మీటింగే. నన్ను తీసుకోవడానికి మాత్రం అది నలుగురాడవాళ్ళు టీ తాగుతూ చెప్పుకున్న కబుర్లు. ఒకే మీటింగు, ఒకే గది, ఒకే నోరు. నీ ఉద్యోగం తగ్గించి వాళ్ళు జీతం మిగుల్చుకున్నారు, నన్ను చేర్చుకోకుండా పెన్షన్ మిగుల్చుకున్నారు. మన ఇద్దరిలో ఎవరు ఎవరిని ముంచారని మనం కొట్టుకుంటుంటే, లెక్కంతా అటు తేలింది.

నాకు నీ మీద ఉన్న కోపం తగ్గలేదు. ఆ మెట్ల మీద నా పక్కన కూచుని ఫ్రిజ్‌లు చూశావే, అది నేను చచ్చేదాకా మరిచిపోను. నువ్వు సంతకం చేశావు కాబట్టి చెల్లుకి చెల్లు అనుకుంటావేమో, అనుకోకు. కానీ ఈ కాగితం చదివాక వచ్చిన కోపం ముందు అది చిన్నదైపోయింది. నాకంత కోపం ఒంటరిగా మొయ్యడం చేతకాదు. నీకు చేతనవుతుంది. నీ నోరు నాకు తెలుసు.

వాళ్ళ మీద పై ఆఫీసులో అర్జీ పెట్టొచ్చట, నెల లోపల. ప్రిన్సిపల్ ఆ మీటింగు పిలుస్తూ గంట కొట్టించాడు, హాజరు తీసుకున్నాడు, రానివాళ్ళ జీతం కోశాడు. పిలిచింది కబుర్లకైతే జీతం ఎందుకు కోశారో వాళ్ళే చెప్పాలి. జీతం పోయిన ఇద్దరూ సాక్ష్యం చెప్తామన్నారు. అర్జీ నేను రాశాను. ఇద్దరి పేర్లతో ఒకటే రాశాను, నీకు నీ కుర్చీ, నాకు నా ఇరవై ఏడేళ్ళు. దారి ఖర్చులకి బండిలో ఇంజను తప్ప మిగిలినవన్నీ విప్పి అమ్మేశాను.

సోమవారం పొద్దున్నే హ్లెంగానీ టాక్సీలో మీ ఇంటి ముందు దిగుతాను. మీ ఆయన్ని లోపలే ఉండమను. బడికి సెలవు పెట్టు, కాళ్ళకి నడవగలిగే చెప్పులు వేసుకో. అర్జీ కింద రెండు గీతలు గీశాను. పై ఆఫీసు గుమ్మంలో, అందరూ చూస్తుండగా, ముందు నువ్వు సంతకం పెట్టు. నువ్వు పెట్టి, ఆ కాగితం వాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు ముద్ర వేశాక, అప్పుడు నేను పెడతాను.

న్యెలెటీ